సదస్సు టికెట్టు కొనే ముందు: సందేహాలు - సమాధానాలు

ఆన్‌లైన్‌లో అమ్మకాలు పెంచుకోవడం నేర్పుతామంటూ హైదరాబాద్, విజయవాడ, బెంగళూరు హోటళ్లలో డిజిటల్ మార్కెటింగ్ సదస్సులు జరుగుతున్నాయి. వాటి గురించి కోనసీమ పాఠకులు పంపిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి సమాధానాలు. చాలామంది టికెట్టు ధర ఎక్కువా తక్కువా అని అడిగారు. నేను మాత్రం ప్రతి ఒక్కరినీ ముందు ఒకటే అడుగుతాను: ఆ హాల్లోకి మీరు ఏ ప్రశ్న పట్టుకుని వెళ్తున్నారు?

ప్రశ్న: ఇంట్లో పూతరేకులు చేసి వాట్సాప్‌లో ఆర్డర్లు తీసుకుంటాను. హైదరాబాద్‌లో రెండు రోజుల సదస్సు, టికెట్టు 12,000, జీఎస్టీ అదనం అంటున్నారు. మా వారు వెళ్లి రమ్మంటున్నారు. మా అత్తయ్యగారు దండగ అంటున్నారు. ఎవరి మాట వినాలండీ?
- ఒక గృహిణి, ఆత్రేయపురం

జవాబు: ముందు కాగితం మీద లెక్క వేయండమ్మా. 12,000కు 18 శాతం జీఎస్టీ కలిపితే 14,160. రావులపాలెం నుంచి రానూపోనూ బస్సు 2,400, రెండు రాత్రులు గదికి 3,600, తిండికీ ఆటోలకూ 1,340 అనుకుందాం. మొత్తం 21,500. ఒక్కో బాక్సు మీద మీకు నికరంగా 50 రూపాయలు మిగులుతాయనుకుంటే, పెట్టిన డబ్బు తిరిగి రావడానికే ఇప్పుడు అమ్ముతున్నవి కాక ఇంకో 430 బాక్సులు అమ్మాలి. పొయ్యి దగ్గర పోయే పనిదినాలు ఈ లెక్కలో లేవు. నా అంకెలు తీసేసి మీ సొంత అంకెలు పెట్టుకోండి.

ఆ తర్వాత అసలు ఇబ్బంది ఎక్కడుందో చూడండి. ఆర్డర్లు రాకపోతే మార్కెటింగ్ నేర్చుకోవాలి. వచ్చిన ఆర్డర్లకు రేకులు తీసే మనుషులు చాలకపోయినా, కొరియర్‌లో రేకు విరిగి పొడి అయిపోతున్నా ఏ మార్కెటింగ్ సదస్సూ దాన్ని బాగుచేయదు. అప్పుడు ఆ డబ్బు గట్టి పెట్టెల మీద పెట్టడమే మేలు. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అధీకృత వినియోగదారుగా నమోదైతే దాన్ని మీ పెట్టె మీద వాడుకోవచ్చు. బయట ఊళ్లలో మీ సరుకును నకిలీల నుంచి వేరుచేసి చూపేది ఆ గుర్తే. ముందు ఈ పని చూడండి. అది అయ్యాక కూడా ఆర్డర్లు పెరగకపోతే సదస్సు సంగతి ఆలోచించవచ్చు. ఈ ఏడాదికి మాత్రం మీ అత్తయ్యగారి మాటే సరైనది.

ప్రశ్న: బీటెక్ అయింది. 99 రూపాయల వెబినార్ చూశాను. చివర్లో 49,999 రూపాయల మూడు రోజుల సమ్మిట్ గురించి చెప్పారు. "ఇంకా 7 సీట్లే ఉన్నాయి" అని తెర మీద గడియారం తిరుగుతోంది. నెలకు లక్షల ఆదాయం వచ్చినట్టు స్క్రీన్‌షాట్లు చూపించారు. అప్పు చేసైనా చేరాలా?
- ఒక నిరుద్యోగి, అమలాపురం

జవాబు: అప్పు చేసి చేరవద్దు బాబూ. ఆ 99 రూపాయలు మొదటి మెట్టు మాత్రమే. 49,999 కట్టి వెళ్లాక అక్కడ ఇంకా పెద్ద మొత్తం అడిగే అవకాశం ఉంది. అమెరికాలో మై ఆన్‌లైన్ బిజినెస్ ఎడ్యుకేషన్ అనే సంస్థ ఇదే దారిలో నడిచింది. ఇంటర్నెట్ వ్యాపారం నేర్పుతామంటూ 49 డాలర్లకు 21 అంచెల కార్యక్రమం అమ్మి, ఆ తర్వాత ఒకదాని మీద ఒకటిగా వేల డాలర్ల సభ్యత్వాలు అంటగట్టింది. ప్రత్యక్ష సభలు కూడా పెట్టింది. 2018లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కోర్టుకు వెళ్లి దాన్ని ఆపించింది.

స్క్రీన్‌షాట్‌ను రుజువుగా తీసుకోకండి. బ్రౌజర్‌లో అంకె మార్చి ఫొటో తీయడం నిమిషం పని. అది నిజమే అయినా వచ్చిన డబ్బు ఎంతో చెబుతుంది గానీ ప్రకటనలకు పోయింది ఎంతో చెప్పదు. వాళ్లను ఒక్కటి అడగండి: "మీ ఆదాయంలో సొంత వ్యాపారం నుంచి వచ్చేది ఎంత, మాలాంటి వాళ్లు కట్టే ఫీజుల నుంచి వచ్చేది ఎంత?" జవాబు దాటవేస్తే దూరంగా ఉండండి. లేని తొందర కల్పించి కొనిపించడాన్ని మన దేశంలో 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు నిషేధించాయి. పేజీ మళ్లీ తెరిచినప్పుడు ఆ గడియారం మొదటి నుంచి తిరిగితే, అది మీ కోసం పెట్టిన ఎర.

గూగుల్ స్కిల్‌షాప్, మెటా బ్లూప్రింట్‌లో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రెండు నెలలు వాటితో కుస్తీ పట్టండి. ఆ తర్వాత అమలాపురంలో తెలిసిన ఒక దుకాణం వాళ్లను ఒప్పించి, రెండు వేల రూపాయలతో చిన్న ప్రకటన నడపండి. ఎంతమంది ఫోన్ చేశారు, ఎంతమంది కొన్నారు అని రోజూ రాసుకోండి. ఉద్యోగం అడిగే చోట ఏ సమ్మిట్ సర్టిఫికెట్ కన్నా ఆ నోటుపుస్తకానికే విలువ ఎక్కువ.

ప్రశ్న: గల్ఫ్‌లో పనిచేసి ఈమధ్యే తిరిగొచ్చాను. మా స్నేహితుడు ఒక ఆన్‌లైన్ బిజినెస్ సదస్సుకు రమ్మంటున్నాడు. మనం కట్టాక ఇద్దరిని చేర్పిస్తే మన డబ్బు మనకు వచ్చేస్తుందట. ఆపైన ఎంతమంది చేరితే అంత కమీషనట. నిజమేనా?
- రాజోలు నుంచి ఒక పాఠకుడు

జవాబు: వద్దండి. మనుషులను చేర్పిస్తే డబ్బు వస్తుందన్న మాట వినపడగానే లేచి వచ్చేయండి. అక్కడ అమ్ముడయ్యే సరుకు విద్య కాదు, మీ వెనుక ఉన్న బంధువులూ స్నేహితులూ. 2019లో సైబరాబాద్ పోలీసులు ఈబిజ్ అనే సంస్థ నిర్వాహకులను అరెస్టు చేశారు. కంప్యూటర్ కోర్సుల ప్యాకేజీ పేరుతో ఒక్కొక్కరి దగ్గర 16 వేల పైచిలుకు రూపాయలు కట్టించుకుని, ఇంకొందరిని చేర్పిస్తే కమీషన్ ఇస్తామన్నారని కేసు. చిక్కుకున్న వాళ్లలో విద్యార్థులు చాలామంది. ఇలాంటి గొలుసు పథకాలను 1978 నాటి చట్టమే నిషేధించింది. 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలూ పిరమిడ్ పథకాలు నడపకూడదన్నాయి.

ఇంకో సంగతి. మీరు చేర్పించినవాళ్లు నష్టపోతే వాళ్లు వచ్చి నిలదీసేది మిమ్మల్నే. ఎడారిలో కష్టపడి తెచ్చిన డబ్బుతో పాటు ఊళ్లో ఉన్న మంచిపేరు కూడా పోతుంది. మీ స్నేహితుడిది చెడు ఉద్దేశమని నేననను. ఇప్పటికే కట్టేసి, ఎలాగైనా తిరిగి రాబట్టుకోవాలన్న ఆత్రంలో ఉండి ఉండవచ్చు. వీలైతే ఆయన్ని కూడా బయటికి తీసుకురండి.

ప్రశ్న: దిండి దగ్గర గోదావరి ఒడ్డున హోమ్‌స్టే నడుపుతున్నాం. సంక్రాంతికి గదులు చాలవు, మిగతా నెలల్లో ఖాళీ. పర్యాటక రంగం వాళ్ల కోసమే ఒక డిజిటల్ మార్కెటింగ్ సదస్సు ఉందని బ్రోచర్ పంపారు. దాన్ని చూసి మంచిదో కాదో ఎలా పోల్చుకోవాలి?
- ఒక హోమ్‌స్టే యజమాని

జవాబు: మీ ఉత్తరంలోనే మంచి ప్రశ్న ఉంది: సంక్రాంతి కాని నెలల్లో గదులు నింపడం ఎలా? బ్రోచర్‌ను ఆ ప్రశ్నతో చదవండి.

మొదట వక్తలను చూడండి. వాళ్లలో స్వయంగా రిసార్టో ట్రావెల్ సంస్థో నడిపేవాళ్లు ఎందరు, కోర్సులు అమ్మేవాళ్లు ఎందరు? రెండో రకమే ఎక్కువైతే అది అమ్మకాల సభ. తర్వాత అంశాలు. "విజయ రహస్యాలు" అని రాసిన ప్రసంగంలో ఏముంటుందో ఎవరూ చెప్పలేరు. "బుకింగ్ సైట్ల కమీషన్ తగ్గించుకుని నేరుగా అతిథులను రప్పించడం" అని రాస్తే మీకు పనికొచ్చేదేమిటో తెలుస్తుంది. ప్రశ్నలకు సమయం కేటాయించారా, ప్రతి ప్రసంగం చివర "ఈరోజుకు మాత్రమే" అనే ఆఫర్ ఉంటుందా అని ఫోన్ చేసి అడగండి. నిరుటి ప్రసంగాల వీడియోలు ఉంటే రెండు మూడు పూర్తిగా చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం, నిరుడు వెళ్లొచ్చిన మీలాంటి చిన్న యజమానులతో మాట్లాడటం. నిర్వాహకులు ఇచ్చిన పేర్లతో ఆగకుండా మీరే ఒకరిద్దరిని వెతకండి. "బాగుందా?" అని అడిగితే బాగుందనే అంటారు. "వచ్చాక ఏం మార్చారు? దానివల్ల ఎన్ని గదులు నిండాయి?" అని అడగండి.

ఖరీదైనదే మంచిదన్న భ్రమ కూడా వద్దు. ఇంగ్లండులో 2010లో చిన్నగా మొదలైన బ్రైటన్ ఎస్ఈఓ సదస్సు డిజిటల్ మార్కెటింగ్ రంగంలో పేరున్నది. అక్కడ ఉచిత టికెట్లను లాటరీ తీసి ఇస్తూ వచ్చారు.

మీ విషయంలో వెళ్లమనే చెబుతాను, ఒక షరతు మీద. హైదరాబాద్, చెన్నై నుంచి బృందాలను పంపే ట్రావెల్ ఏజెంట్లు అక్కడికి వస్తున్నారని తేలాలి. ప్రసంగాలు తర్వాత వీడియోల్లో దొరకవచ్చు. ఆ ఏజెంట్లతో ముఖాముఖి మాట్లాడే అవకాశం దొరకదు. బయల్దేరే లోపు గూగుల్‌లో మీ బిజినెస్ ప్రొఫైల్ సరిచేసుకోండి. అది ఉచితం. ఫోన్ నంబరు తప్పుగా ఉన్న హోమ్‌స్టేకు ఏ ఏజెంటూ అతిథులను పంపలేడు.

ప్రశ్న: సొంత నర్సరీ ఉంది. మొక్కలు ఆన్‌లైన్‌లో అమ్మడం నేర్చుకుందామని సదస్సుకు 15,000 కట్టాను. ముందు రోజు వాయిదా అన్నారు. ఇప్పుడు ఫోన్ ఎత్తడం లేదు. డబ్బు వస్తుందా?
- కొత్తపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: ప్రయత్నం ఆపకండి. కట్టిన రసీదు, ప్రకటన, వాట్సాప్ సందేశాలు అన్నీ భద్రం చేయండి. ఫలానా తేదీలోగా డబ్బు తిరిగివ్వాలని ఈమెయిల్ పంపండి. కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి. చాలా గొడవలు ఆ దశలోనే తేలిపోతాయి.

అప్పటికీ ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం ప్రకారం నిర్వాహకులు ఏ నగరంలో ఉన్నా మీరు నివసించే చోటే కేసు వేసుకోవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. రెండేళ్ల లోపు వేయాలి. "నువ్వు వ్యాపారివి, వినియోగదారుడివి కాదు" అని వాళ్లు వాదించవచ్చు. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం నడుపుకునే స్వయం ఉపాధికి ఆ చట్టంలోనే మినహాయింపు ఉంది. సంస్థే బూటకమని అనుమానం వస్తే ఆలస్యం చేయకుండా 1930కి, అంటే సైబర్ నేరాల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి.

ఇకముందు కట్టేటప్పుడు వ్యక్తి ఫోన్‌పే నంబరుకు కాకుండా సంస్థ ఖాతాకే కట్టండి. వాళ్లు జీఎస్టీ వసూలు చేస్తే ఆ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో వెతికి, పేరు సరిపోయిందో లేదో చూడండి. రద్దైతే, వాయిదా పడితే డబ్బు సంగతేమిటో రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న: మేం పన్నెండు నేత కుటుంబాల వాళ్లం కలిసి చీరలు అమ్ముతున్నాం. అందరం వెళ్లే స్తోమత లేదు. ఒక్కరినే పంపితే ఉపయోగం ఉంటుందా?
- బండారులంక నుంచి ఒక బృందం

జవాబు: తప్పకుండా ఉంటుంది. ఖర్చును పన్నెండు వాటాలు వేసుకోండి. పెద్దమనిషి అని కాకుండా, రోజూ ఫోన్‌లో కొనుగోలుదారులతో మాట్లాడే మనిషినే పంపండి. చదువుకున్న మీ ఇంటి ఆడపిల్లైనా సరే. పంపే ముందు అందరూ కూర్చుని మూడు ప్రశ్నలు రాయండి. చీర రంగు ఫొటోలో ఉన్నదున్నట్టు రావాలంటే ఎలా తీయాలి? మరమగ్గం చీరకూ మన చీరకూ తేడా కొనేవాళ్లకు ఎలా చూపాలి? తిరిగొచ్చే పార్శిళ్లు ఎలా తగ్గించాలి? ఇలా మీవి మీరు రాసుకోండి.

డబ్బు కట్టకముందే ఆ మూడు ప్రశ్నలూ నిర్వాహకులకు పంపి, ఏ ప్రసంగంలో వీటికి జవాబు దొరుకుతుందో చెప్పమనండి. ఫలానా వక్త, ఫలానా సమయం అని చెప్పగలిగితే టికెట్టు కొనండి. "అన్నీ అక్కడే తెలుస్తాయి, ముందు సీటు బుక్ చేసుకోండి" అంటే ఆ డబ్బుతో నూలు కొనుక్కోండి.