కంపెనీ పేరు మారినచో పాత బకాయి పోవునా?

నేడు కంపెనీలతో ఏదో ఒక సంబంధము లేని పంచాయతీ అరుదు. ఒక గ్రామమున శీతల గిడ్డంగి, మరియొక గ్రామమున రొయ్యల మేత కర్మాగారము, వేరొకచోట రైతులే వాటాదారులుగా నెలకొల్పుకొన్న ఉత్పత్తిదారుల కంపెనీ ఉండును. కొంతకాలమునకు గేటు మీది బోర్డు మారును. పన్ను వసూలుకు వెళ్ళిన బిల్లు కలెక్టరుతో అచటి గుమాస్తా, "ఆ కంపెనీ ఇప్పుడు లేదండీ, ఇది వేరు" అని చెప్పును. ఈ మాటను నమ్మి డిమాండు రిజిస్టరులో పాత పద్దును కొట్టివేసినచో నష్టము గ్రామమునకే.

చట్టదృష్టిలో కంపెనీ ఒక వ్యక్తి వంటిది. మనిషి పేరు మార్చుకొన్నంత మాత్రమున అతని అప్పు తీరునా? కంపెనీకిని అంతే. పేరు మార్పు వలన కంపెనీ హక్కులకు గాని, బాధ్యతలకు గాని, నడుచుచున్న వ్యాజ్యములకు గాని భంగము కలుగదని 1956 నాటి కంపెనీల చట్టము 23వ సెక్షను స్పష్టముగా చెప్పినది. దాని స్థానమున వచ్చిన 2013 చట్టము క్రింద కూడ ఇదే సూత్రము చెల్లుచున్నది.

గుంటూరు ప్రాంతపు పొగాకు రైతులు బాగుగా ఎరిగిన కంపెనీనే చూడుడు. 1910లో అది ఇంపీరియల్ టొబాకో కంపెనీ ఆఫ్ ఇండియా అను పేరున రిజిస్టరయినది. 1970లో ఇండియా టొబాకో కంపెనీ అయినది, 1974లో ఐ.టి.సి. అయినది, 2001లో ఆ అక్షరముల నడుమ చుక్కలను సైతము తొలగించుకొనినది. ఇన్ని పేర్లు మారినను కంపెనీ ఒక్కటియే.

పేరు మార్చుట డైరెక్టర్ల ఇష్టముతో ముగియు పని కాదు. కోరిన పేరు ఇదివరకున్న ఏ కంపెనీ పేరునకును మిక్కిలి పోలియుండరాదు. రిజిస్ట్రారు దానిని అంగీకరించినచో 60 దినములు కేటాయించి ఉంచును. పిదప వాటాదారుల సమావేశమున ప్రత్యేక తీర్మానము నెగ్గవలెను. అనగా అనుకూలమైన ఓట్లు వ్యతిరేకమైన ఓట్లకు మూడు రెట్లకు తగ్గరాదు. నూరు ఓట్లు పడినచోట 75 వచ్చిన నెగ్గును, 74 వచ్చిన వీగిపోవును. తీర్మానమును 30 దినములలో రిజిస్ట్రారునకు దాఖలు చేసి, అనుమతికై దరఖాస్తు చేసికొనవలెను. రిజిస్ట్రారు క్రొత్త ధ్రువపత్రము ఇచ్చిన నాటి నుండియే పేరు మారినట్లు లెక్క. అంతవరకు బోర్డు మీద ఏమి వ్రాసినను అది రంగు మాత్రమే.

కావున క్రొత్త పేరుతో ఎవరైనను పంచాయతీకి వచ్చినప్పుడు మొదట ఆ ధ్రువపత్రపు నకలు అడుగవలెను. అందు పాత పేరు, క్రొత్త పేరు, మార్పు తేదీ మూడును ఉండును. కంపెనీకి 21 అక్షరములు, అంకెలు గల గుర్తింపు సంఖ్య యొకటి కలదు. కేవలము పేరు మారినప్పుడు అది సాధారణముగా మారదు. ఆదాయపు పన్ను వారి పాన్ సంఖ్యయు మారదు. వీటిని పాత కాగితములతో సరిచూచి, డిమాండు రిజిస్టరులో క్రొత్త పేరు వ్రాసి, ప్రక్కన "పూర్వపు పేరు" అని పాత పేరును నిలిపి, బకాయిని యథాతథముగా కొనసాగింపవలెను. పేరు మారిన తరువాత రెండేండ్ల వరకు బోర్డు మీదను, ఉత్తరముల మీదను పాత పేరును కూడ చూపవలెనని చట్టమే నిర్దేశించుచున్నది. దీనిని గమనించు గ్రామములు తక్కువ.

ధ్రువపత్రము చూపలేక, సంఖ్యలును కలియనిచో అది పేరు మార్పు కాకపోవచ్చును. ఆస్తిని వేరొక కంపెనీ కొని యుండవచ్చును, లేక కౌలుకు తీసికొని యుండవచ్చును. అప్పుడు విక్రయ దస్తావేజును, బకాయిల భారమెవరిదో తెలుపు ఒప్పందమును తెప్పించి చూడవలెను. ఈ రెంటిని ఒకటిగా భావించుట వలననే పెక్కు చిక్కులు పుట్టుచున్నవి.

మన రైతుల ఉత్పత్తిదారుల కంపెనీలకును ఇవే నియమములు వర్తించును. పేరు ఏదైనను చివర "ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్" అను మాటలు ఉండి తీరవలెను. వార్షిక నివేదికలు, జమాఖర్చుల పత్రములు దాఖలు చేయక బాకీ పెట్టిన కంపెనీకి పేరు మార్చుకొను అనుమతి లభింపదు. అట్టి కంపెనీ మీ గ్రామమున ఉన్నచో, ముందు ఆ పత్రములను దాఖలు చేసి, ఆ పిదపనే క్రొత్త పేరు సంగతిని సభ్యుల ముందు పెట్టుమని డైరెక్టర్లకు చెప్పవలసినదిగా కోరుచున్నాము.