ఇంజను తెల్లని పొగ – గుఱుతులు, పరీక్షలు



టర్బో చార్జరు గల ట్రాక్టరు గాని జీపు గాని తెల్లని పొగ విడువగానే “టర్బో పోయినది” అని తీర్పు చెప్పుట నేడు వాడుకయైనది. టర్బో ఖరీదైన భాగము. అది చెడకయే మార్చినచో ధనము వ్యర్థమగుటయేగాక, అసలు దోషము లోపల అట్లే యుండును. కావున ఒక్క నట్టు విప్పకముందే ఆ తెలుపు దేనిదో నిర్ణయించుకొనవలెను. అది నీరు, కాలని డీసెలు, ఇంజను ఆయిలు అను మూడింటిలో నొకటియై యుండును.

టర్బో యనగానేమి?

ఒకే యిరుసునకు రెండు కొనలయందు రెండు చక్రములు గల యంత్రమే టర్బో. ఇంజను విడుచు వేడి వాయువులు ఒక చక్రమును త్రిప్పగా, రెండవది వెలిగాలిని అదిమి సిలిండర్లలోనికి పంపును. ఈ యుపాయమునకు స్విట్జర్లాండు దేశపు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లో పేటెంటు పొందెను. చిన్న టర్బో యిరుసు నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగగలదు. అంత వేగమున దానిని కాపాడునది ఇంజను ఆయిలు. ఆ ఆయిలు ఇరుప్రక్కలకు పోకుండ సీళ్లు అడ్డుకొనును.

1. నీరు

ఒక లీటరు డీసెలు కాలినపుడు సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుట్టును. పుష్యమాసపు వేకువ చలిలో ఈ యావిరియే తెల్లగా కానవచ్చును. అది కొద్ది దూరములోనే మాయమగును. ఇంజను వేడెక్కగానే నిలిచిపోవును. ఇది దోషము కాదు.

అట్లుగాక, ఇంజను వేడెక్కిన పిదపను దట్టముగ వచ్చుచు, రేడియేటరు నీరు దినదినము తఱుగుచు, బయట ఎచ్చటను కాఱుట కనబడనిచో, నీరు సిలిండరులోనికి దిగుచున్నదని యనుమానింపవలెను. హెడ్ గాస్కెట్టు కాలియుండవచ్చును, లేక హెడ్డు బీటవాఱి యుండవచ్చును. కూలెంటు పోసిన బండిలో పొగకు తీపి వాసన యుండును.

పరీక్ష: ఇంజను పూర్తిగ చల్లాఱియున్నపుడు మాత్రమే రేడియేటరు మూత తెఱచి, పిమ్మట ఇంజను నడిపి చూడవలెను. బుడగలు ఎడతెగక వచ్చుచున్నచో సిలిండరు వాయువు నీటిలో కలియుచున్నది. వేడిమీద మూత తీసినచో మరిగిన నీరు ముఖముపై చిమ్మును, అట్లెన్నడును చేయరాదు. డిప్ స్టిక్కుపై ఆయిలు పాలు కలిపిన కాఫీవలె నున్నచో నీరు ఆయిలులో చేరినది. ఈ గుఱుతులు గల బండిని వెంటనే నిలిపివేయవలెను. నీరు నిండిన సిలిండరుతో సెల్ఫు కొట్టినచో కనెక్టింగ్ రాడ్డు వంగవచ్చును. నీరు కలిసిన ఆయిలు బేరింగులను పాడుచేయును.

2. కాలని డీసెలు

డీసెలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని అదిమినందున పుట్టు వేడిచేతనే డీసెలు అంటుకొనును. ఆ వేడి చాలనిచో డీసెలు తెల్లని మంచువలె వెలువడును. ఇది కండ్లను మండించును; డీసెలు వాసన కొట్టును; ఇంజను తడబడుచు నడచును. నాజిలు చుక్కలు కార్చుట, పంపు టైమింగు తప్పుట, రింగులో వాల్వులో అరిగి కంప్రెషను తగ్గుట, డీసెలులో నీరు చేరుట – ఇవి కారణములు.

కడపటిదానిని రైతు స్వయముగ చూడగలడు. ఫిల్టరు అడుగున నున్న బిరడాను వదలుచేసి, గాజుసీసాలో కొంత డీసెలు పట్టి కదల్పక నిలుపవలెను. నీరున్నచో అడుగునకు చేరును. సగము ఖాళీయైన ట్యాంకులో రాత్రి చలికి నీరు పట్టును గనుక సాయంకాలమే ట్యాంకు నింపుట మేలు.

3. ఆయిలు

ఈ పొగకు నీలిఛాయయు మాడిన వాసనయు నుండును. గాలిలో చాలసేపు నిలుచును. డిప్ స్టిక్కుపై మట్టము తఱుగును. కొంతసేపు ఐడిలింగులో నుంచి ఆక్సిలరేటరు త్రొక్కగానే గుప్పున వచ్చినచో టర్బో సీలును అనుమానింపవచ్చును.

అయినను, ముందుగా నాలుగు చూడవలెను: గాలి ఫిల్టరు దుమ్ముతో మూసుకొనినదా? టర్బోనుండి ఆయిలు తిరిగి దిగు గొట్టము నొక్కుకొనినదా? బ్రీదరు పూడినదా? ఆయిలు గుఱుతుకు మించి పోసినారా? ఇందేది యున్నను మంచి సీలునుండియు ఆయిలు దాటవచ్చును. పిమ్మట ఇంజను ఆపి, చల్లాఱిన తరువాత, టర్బోనుండి గాలి పోవు రబ్బరు గొట్టమును విప్పి చూడవలెను. పలుచని జిడ్డు సహజము. ఆయిలు నిలిచియుండుట దోషము. చక్రపు రెక్కలు గోడకు రాచుకొనిన గుఱుతులున్నచో టర్బో అరిగినదే. గొట్టము పొడిగా నున్నచో పొగవైపు సీలునో, ఇంజను రింగులనో, వాల్వు గైడులనో మెకానిక్కుచే పరీక్షింపించవలెను.

అట్టముక్క పరీక్ష

తెల్లని అట్టముక్కను పొడవైన కఱ్ఱకు కట్టి, పొగకు ఎదురుగ క్షణకాలము పట్టవలెను. మసి యెటులను అంటును, దానిని లెక్కింపరాదు. తడి ఆఱిన పిదప జిడ్డు లేనిచో నీరు. డీసెలు వాసన నిలిచినచో డీసెలు. బంకజిడ్డు మిగిలినచో ఆయిలు.

జాగ్రత్తలు

బండి నడిపిన వెంటనే ఆక్సిలరేటరు గట్టిగ త్రొక్కరాదు. బరువుపని పిదప రెండు మూడు నిమిషములు ఐడిలింగులో నుంచి ఆపవలెను. లేనిచో వేడెక్కిన టర్బోలో ఆయిలు మాడి గడ్డకట్టును. పొగ వచ్చిన వేళ, పోసిన నీరు, తఱిగిన ఆయిలు ఒక పుస్తకమున వ్రాసి మెకానిక్కునకు చూపవలెను. దమ్ముల కాలమున ట్రాక్టరు ఒక్క దినము నిలిచినను కాలువ వంతు దాటిపోవును. ఈ పరీక్షలకు ఒక పూట చాలును.