పక్కవాడి వాయిద్యం విను

నరసరావుపేట



నువ్వు పంపిన జాజ్ పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫర్డ్ రికార్డులు విన్నాను. ఆ ఎడమచెయ్యి అంత జోరుగా ఎట్లా పోతోంది తాతా, నాకెప్పుడొస్తుంది అని అడిగావు. జోరు సంగతి అట్లా ఉంచు. ఆ కాలపు జాజ్ పియానోవాళ్ల ఎడమచెయ్యి ఏం చేసేదో ముందు గమనించు. ఒకటో దెబ్బకీ మూడో దెబ్బకీ మంద్రంలో ఒక స్వరం పలికిస్తుంది. రెండుకీ నాలుగుకీ పైకొచ్చి మూడు నాలుగు మెట్లు కలిపి నొక్కుతుంది. తాళమూ ఆధార శ్రుతీ రెండూ ఆ చేతి బాధ్యతే. కుడిచెయ్యి ఎన్ని వేషాలు వేసినా ఆ నడక చెదరదు. నువ్వు కీబోర్డు వాయించేటప్పుడు కుడిచెయ్యి తడబడితే ఎడమదీ ఆగిపోతోంది. చిక్కంతా అక్కడే.

ఆ పట్టు వెదర్‌ఫర్డ్‌కి గదిలో తలుపేసుకుని సాధన చేస్తే రాలేదు. 1903లో అమెరికాలోని వర్జీనియాలో పుట్టాడు. న్యూ ఆర్లీన్స్‌లో పియానో పట్టాడు. షికాగోలో ఎర్‌స్కిన్ టేట్ బృందంలో చేరాడు. 1926లో ఆ బృందం రికార్డులిచ్చినప్పుడు ట్రంపెట్ లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌ది, పియానో ఇతనిది. అంతటి ట్రంపెట్ పక్కన నిలబడాలంటే ఎక్కడ తగ్గాలో, ఎక్కడ లేవాలో తెలియాలి. అదే ఏడాది తూర్పుదేశాలకు ఓడెక్కాడు. షాంఘైలో వాయించి, తర్వాత బొంబాయి తాజ్‌మహల్ హోటల్లో, రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కలకత్తా గ్రాండ్ హోటల్లో బృందం నడిపాడు. 1945 ఏప్రిల్‌లో కలరా వచ్చి కలకత్తాలోనే పోయాడు. అప్పటికి నలభై ఒక్కేళ్లు.

కలకత్తాలో అతని జట్టులో ట్రంపెట్ ఊదినవారిలో నేపాలీ పుష్కర్ బహదూర్ ఒకరు. జార్జ్ బ్యాంక్స్ అని పేరు మార్చుకున్నారు. తన కొడుక్కి ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు కలిసొచ్చేలా లూయీ అని పెట్టుకున్నారు. ఈనాడు మన దేశంలో జాజ్ అనగానే గుర్తొచ్చే పియానిస్టు లూయిస్ బ్యాంక్స్ ఆ కొడుకే. చూశావా, షికాగో నుంచి కలకత్తా దాకా విద్య ఎట్లా నడిచి వచ్చిందో! పక్కపక్కన కూర్చుని వాయించినవాళ్ల చేతుల మీదుగా వచ్చింది.

ఇట్లాంటి వరస చూడ్డానికి నువ్వు కలకత్తా దాకా పోనక్కర్లేదు. మన జిల్లాలోనే చిలకలూరిపేట ఉంది. ఆదం సాహెబ్ అనే నాదస్వర విద్వాంసుడు అక్కడ ఎందరికో గురువు. కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా మొదట తండ్రి కాశిం సాహెబ్ దగ్గర నేర్చుకుని, తర్వాత ఆదం సాహెబ్ దగ్గర చేరారు. అంతటితో చాలనుకోలేదు. తంజావూరు బాణీ కోసం నాచియార్‌కోయిల్ వెళ్లి రాజం, దురైక్కణ్ణు సోదరుల దగ్గర మళ్లీ శిష్యుడయ్యారు. ఆ తర్వాత శ్రీరంగంలో స్థిరపడ్డారు. తరతరాలుగా నాదస్వరమే వృత్తిగా ఉన్న ముస్లిం కుటుంబం వారిది. రంగనాథుడి సన్నిధిలో ఊదారు. 1977లో పద్మశ్రీ, 1998లో సంగీత కళానిధి వరించాయి. మరుసటి ఏడాది కన్నుమూశారు. మనవలు కాశిం, బాబు ఆ విద్యను నిలబెట్టారు. ఆయన శిష్యులైన మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు.

నాదస్వరానికీ నీ కీబోర్డుకీ పొత్తేమిటని అడుగుతావు. నాదస్వరంలో వేళ్లకు ఏడు రంధ్రాలే ఉంటాయి. రంధ్రాన్ని సగం మూసి, పీక మీద పెదవి బిగువు మార్చి, ఊపిరి తగ్గించి పెంచి రెండు స్వరాల నడుమ ఉన్నదంతా పలికిస్తారు. నీ మెట్టుకి ఆ వీలు లేదు. నొక్కితే ఒకే స్వరం. జాజ్ పియానోవాళ్లకీ ఇదే ఇబ్బంది వచ్చింది. తమవాళ్లు గొంతుతో వంచి పాడే స్వరం మెట్ల మీద దొరకదు. అందుకని పక్కపక్కనున్న నల్లమెట్టూ తెల్లమెట్టూ ఒరిసేలా దాదాపు ఒకేసారి నొక్కి, చెవికి ఆ వంపు ఉన్నట్టే అనిపించేలా చేశారు. గొంతును చెవిపెట్టి విన్నవాడికే ఇట్లాంటి ఉపాయం తడుతుంది.

కాబట్టి నేను చెప్పేది ఇది. కొన్నాళ్లు ఆ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టు. కోటప్పకొండ తిరునాళ్లకో, ఊళ్లో గుడి ఉత్సవానికో సన్నాయిమేళం వస్తే డోలు పక్కన కూర్చుని తాళం వెయ్యి. సన్నాయి ఎంత దూరం పోయినా తాళం వదలకు. పౌరాణిక నాటకం ఆడితే హార్మోనిస్టు వెనక చేరు. పద్యం పాడేవాడు రాగం సాగదీస్తుంటే ఆయన ఎక్కడ ఆగి చోటిస్తాడో కనిపెట్టు. ఆదివారం చర్చిలో పాటల బృందానికి కీబోర్డు వాయించేవాడు కావాలంటే నేనున్నానని వెళ్లు. పాడేవాళ్ల శ్రుతికి నువ్వే దిగు, వాళ్లను నీ శ్రుతికి ఈడ్చకు. ఇంటికొచ్చాక ఎడమచేతితో ఒక్కదానితోనే పాట మొత్తం నడిపించు. అది నిలిచాకే కుడిచెయ్యి పెట్టు.

ఒంటరిగా వేళ్లు సాధించుకోవచ్చు గానీ, చెవి మాత్రం నలుగురిలో కూర్చుంటేనే వస్తుంది. చెవి రానివాడు ఎంత వేగంగా వాయించినా పక్కన మరొకడు వాయించలేడు. నీ పక్కన వాయించడానికి నలుగురు ఇష్టపడేలా తయారవు. పేరు దానంతటదే వస్తుంది.

ఇట్లు
మీ తాత