ఇంటికి చిన్న సోలార్: ఒకేసారి కాదు, మెట్టు మెట్టుగా



రామకృష్ణాపూర్ చుట్టుపక్కల అంతా బొగ్గు నేల. ఇప్పుడు ఈ బొగ్గు బెల్టులోనే ఎండతో కూడా కరెంటు తీస్తున్నారు. రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు 2022 జూలై 1 నుంచి పూర్తిగా నడుస్తున్నది. అయినా గాలివాన వచ్చిన రాత్రి మన ఇంట్లో కరెంటు పోతే ఆ మెగావాట్లు మనకు అక్కరకు రావు. దానికి మన ఏర్పాటు మనమే చేసుకోవాలి. డబ్బులున్నప్పుడు కొంచెం కొంచెంగా చేసుకోవచ్చు. అయితే మొదట కొన్న వస్తువు తర్వాత కూడా పనికొచ్చేలా కొనాలి. అసలు సంగతి ఇదే.

మొదటి మెట్టు: లెక్క

కరెంటు లేనప్పుడు ఏవేవి నడవాలో కాగితం మీద రాసుకోండి. వాట్లను గంటలతో గుణిస్తే వాట్ అవర్లు వస్తాయి. వెయ్యి వాట్ అవర్లు అంటే బిల్లులో ఒక యూనిట్.

- 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు 3, నాలుగు గంటలు: 108
- 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు 2, ఏడు గంటలు: 420
- రెండు ఫోన్లు: 30
- కషాయాలు కొట్టే చార్జింగ్ పంపు: 120

మొత్తం 678. ఇన్వర్టర్‌లో పోయేది కలుపుకుంటే దాదాపు 800.

అదే 75 వాట్ల పాత ఫ్యాన్లు ఉంటే ఆ రెండింటికే 1050 అవుతుంది. అందుకే ముందు ఫ్యాన్లు మార్చండి. ప్యానెల్ కొనకముందే సగం పని అయిపోయినట్టే.

రెండో మెట్టు: ఇన్వర్టర్, బ్యాటరీ

12 వోల్టుల 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలో 1800 వాట్ అవర్లు ఉంటాయి. భూమిలోంచి అంతా పిండుకుంటే భూమి చచ్చిపోయినట్టే, బ్యాటరీని కూడా పూర్తిగా ఖాళీ చేస్తే తొందరగా పోతుంది. సగమే వాడాలి, అంటే 900. మన 800కి సరిపోతుంది.

ఇప్పుడే ప్యానెల్ కొనకపోయినా ఇన్వర్టర్ మాత్రం సోలార్‌దే తీసుకోండి. మామూలు ఇన్వర్టర్ లైన్ కరెంటు ఉన్నంతసేపు బ్యాటరీని దానితోనే నింపేస్తుంది. రేపు ప్యానెల్ పెట్టినా ఎండ వృథా అవుతుంది. ఎండకు మొదటి ప్రాధాన్యం ఇచ్చేది, లోపలే 30 ఆంపియర్ల చార్జ్ కంట్రోలర్ ఉన్నది అడిగి తీసుకోండి. ప్యానెల్ వచ్చేదాకా లైన్ కరెంటుతో నడుస్తుంది.

మూడో మెట్టు: ప్యానెళ్లు

ముందు ఒక 165 వాట్ల ప్యానెల్ చాలు. రోజుకు నాలుగున్నర గంటల నిండు ఎండ అనుకుని, నష్టాలు 30 శాతం తీసేస్తే 520 వాట్ అవర్ల దాకా వస్తుంది. తర్వాత అదే వోల్టేజీ ఉన్న రెండో ప్యానెల్ కలిపితే 1040. స్టాండు, వైరు మాత్రం మొదటి రోజే రెండింటికీ సరిపడా వేయించండి.

ప్యానెల్ ముఖం దక్షిణానికి, వాలు 19 డిగ్రీల దగ్గర ఉండాలి. చెట్టు నీడ ఒక మూల పడినా కరెంటు బాగా తగ్గుతుంది. మన దగ్గర ఓపెన్ కాస్టుల దుమ్ము, బొగ్గు లారీల దుమ్ము ఎక్కువ. వారానికోసారి పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లతో మెత్తటి గుడ్డ పెట్టి తుడవండి.

నాలుగో మెట్టు: పెంచుకోవడం

రెండు మూడేళ్లు వాడిన బ్యాటరీకి కొత్తది జత చేయకండి. ముసలి ఎద్దును, కోడెను ఒకే కాడికి కట్టినట్టు అవుతుంది. ఫ్రిజ్, మిక్సీ కూడా నడపాలని ముందే ఉంటే మొదటి నుంచే 24 వోల్టుల ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు ఒకేసారి తీసుకోండి. బోరు మోటారు దీని మీద వేయొద్దు. దానికి కుసుమ్ పథకం పంపులు వేరే ఉన్నాయి.

ప్రాణానికి సంబంధించినవి

బ్యాటరీ పక్కనే డీసీ ఫ్యూజు ఉండాలి. ఎర్తింగ్ తప్పనిసరి. చార్జింగ్ అవుతున్నప్పుడు బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుంది, గాలి ఆడే చోట పెట్టండి. ఇన్వర్టర్ కరెంటును ప్లగ్గులోకి గుచ్చి ఇల్లంతా ఇవ్వాలని చూడకండి. అది వెనక్కి లైన్‌లోకి పోతే స్తంభం మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది.

చివరగా ఒక మాట. పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేలు సబ్సిడీ ఉంది. బిల్లు తగ్గడానికి అది మంచిదే. కానీ బ్యాటరీ లేని ఆన్‌గ్రిడ్ సిస్టం లైన్ కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. లైన్‌మన్ భద్రత కోసమే అలా చేశారు. మీకు కావలసింది బిల్లు తగ్గడమా, చీకట్లో దీపమా, ముందు తేల్చుకుని ఆ తర్వాతే డబ్బులు పెట్టండి.