ఊరి నుంచి వచ్చేసరికి తాళం పగిలి ఉంటే...

వేసవి సెలవులు రాగానే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వరంగల్‌కో, విజయవాడకో వెళ్లిరావడం సూరత్‌లోని తెలుగువాళ్లకు మామూలే. లింబాయత్ వైపు మగ్గాల మీద బతుకుతున్న కుటుంబాలైనా, బదిలీ మీద వచ్చిన మన బ్యాంకు కుటుంబాలైనా అంతే. వెళ్లేముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు అందరూ చెబుతారు. దొంగలు పడిపోయాక ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ. నిజానికి పోయిన సొత్తులో ఎంత తిరిగి వస్తుందన్నది చాలావరకు మొదటి ఒకటి రెండు రోజుల్లో మన చేతిలో ఉండే కాగితాలను బట్టే ఉంటుంది.

తాళం పగిలి కనిపించగానే ఎవరికైనా కాళ్లు బీరువా వైపే పరుగెడతాయి. ఆగండి. లోపల ఇంకా ఎవరైనా ఉండవచ్చు. లేకపోయినా తలుపు మీద, బీరువా మీద ఉన్న వేలిముద్రలు మన చేతులతో మనమే చెరిపేసినట్టవుతుంది. పిల్లలతో సహా పక్కింట్లో కూర్చుని 112కు ఫోన్ చేయండి. సొసైటీ సీసీ కెమెరాల్లో పాత రికార్డింగు కొన్నాళ్లకు చెరిగిపోతుంది కాబట్టి ఆ తేదీలవి వెంటనే భద్రపరచమని సెక్రటరీని అడగండి. పోలీసులు చూసి వెళ్లేదాకా ఇల్లు ఊడ్చకండి.

ఊళ్లో ఉండగానే పొరుగువారు ఫోన్ చేసి చెబితే? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేయాలి. సూరత్‌లో ఎఫ్‌ఐఆర్ గుజరాతీలో ఉంటుంది. అక్షరాలు రాకపోతే మొహమాటపడకుండా చదివి వినిపించమనండి, అది మన హక్కు. కాపీ ఉచితంగా ఇవ్వాలి. ‘జాణవా జోగ్’ పేరుతో రాసుకునే సమాచారం నమోదు ఎఫ్‌ఐఆర్ కాదు. దొంగతనానికి దానితో సరిపెట్టుకోవద్దు.

పోయిన వస్తువుల జాబితా రాసేటప్పుడు ‘బంగారం సుమారు ఇరవై తులాలు’ అని ఒక్క ముక్కలో రాయకండి. గొలుసు, గాజులు, నల్లపూసలు విడివిడిగా, ఒక్కొక్కటి ఎన్ని గ్రాములో, ఏ పెళ్లి ఫొటోలో కనిపిస్తుందో రాయండి. ఈమధ్య కొన్న నగలకు హాల్‌మార్కుతో పాటు ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్య ఉంటుంది. ప్రతి నగకూ అది వేరు. బిల్లు మీద ఉంటే అదే మీకు గట్టి సాక్ష్యం. ఎలాగూ పోయాయి కదా అని లేని నగలు మాత్రం కలపకండి, అలాంటి ఒక్క నగ వల్ల ఉన్న నగలనూ నమ్మరు. ఏదైనా తరువాత గుర్తొస్తే అదనపు వాంగ్మూలం ఇవ్వవచ్చు.

ఇక బ్యాంకు పనులు. ఏటీఎం కార్డు, చెక్కు బుక్కు పోతే ‘ఆయన మేనేజరే కదా, పొద్దున చూసుకుంటారు’ అనే ధీమా మన ఇళ్లలోనే ఎక్కువ. అర్ధరాత్రయినా టోల్‌ఫ్రీ నంబరుకు చెప్పి, ఫిర్యాదు సంఖ్య రాసిపెట్టుకోండి. పిన్ రాసిన కాగితం కార్డుతోపాటే పోతే అది మన నిర్లక్ష్యమే. అయినా ఫిర్యాదు చేశాక జరిగే నష్టం బ్యాంకే భరించాలని 2017లో రిజర్వు బ్యాంకు ఆదేశించింది. సంతకం చేసి ఉంచిన చెక్కులుంటే ముందుగా వాటికే చెల్లింపు ఆపించండి. లాకరు తాళంచెవి పోతే, బ్యాంకు దగ్గరుండే చెవి కూడా పడితేగానీ లాకరు తెరుచుకోదని ఊరుకోకుండా శాఖకు రాతపూర్వకంగా చెప్పండి. తాళం మార్పించే ఖర్చు మనదే.

గృహరుణం తీసుకున్నప్పుడు ఇంటికి బీమా చేయించాం కదా అని చాలామంది ధైర్యంగా ఉంటారు. పాలసీ తీసి చదవండి. 2021 ఏప్రిల్ నుంచి అమ్ముతున్న ‘భారత్ గృహ రక్ష’ పాలసీలో దొంగతనానికి రక్షణ ఉన్నా, అది అగ్నిప్రమాదం, వరద వంటివి జరిగి, వాటి కారణంగా ఏడు రోజుల్లోపు జరిగిన దొంగతనానికే. తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే వర్తించదు. నగలకు కూడా విడిగా రక్షణ తీసుకోవాలి. దొంగతనానికి వేరే పాలసీ ఉంటే అదే రోజు కంపెనీకి తెలియజేయండి. దొంగ దొరక్కపోతే గుజరాత్‌లో పోలీసులు కోర్టుకు ‘ఎ సమ్మరీ’ అనే నివేదిక ఇస్తారు. క్లెయిముకు బీమా కంపెనీ సాధారణంగా దాన్ని అడుగుతుంది. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలపాలని కొత్త చట్టం చెబుతోంది కనుక అడగడానికి వెనుకాడకండి.

దొంగ దొరికి, నగలు పట్టుబడినా అవి వెంటనే మన ఇంటికి రావు. స్టేషన్లలో భద్రపరిచిన విలువైన వస్తువుల స్థానంలో నకిలీవి పెట్టారన్న ఆరోపణలపై గుజరాత్‌లో పోలీసులే నిందితులైన సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసు సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. పట్టుబడిన వస్తువులను పదిహేను రోజులు, మహా అయితే నెలకు మించి స్టేషన్‌లో ఉంచకూడదనీ, నగలను పంచనామా చేసి, ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకుని యజమానికి ఇవ్వవచ్చనీ 2002 అక్టోబరు 1న కోర్టు చెప్పింది. ఇప్పుడు సంహితలోని 497వ సెక్షన్ వస్తువుల వివరాల పత్రం తయారీకి, పంపకానికి గడువులు కూడా పెట్టింది. గుజరాత్ పోలీసులు ‘తేరా తుఝ్‌కో అర్పణ్’ పేరుతో సభలు పెట్టి సొత్తు తిరిగి ఇస్తున్నారు. అయినా పిలుపు కోసం ఎదురుచూస్తూ కూర్చోకుండా బిల్లులు, ఫొటోలు, ఎఫ్‌ఐఆర్ కాపీ జతచేసి మెజిస్ట్రేటు కోర్టులో దరఖాస్తు పెట్టుకోండి.

కోర్టు అడిగినప్పుడు మళ్లీ చూపిస్తామన్న షరతు మీదే నగలు ఇస్తారు. కాబట్టి కేసు తేలేదాకా ఆ గొలుసును కరిగించి కొత్త మోడల్ చేయించకండి, అమ్మకండి.