జీతం రాకముందే పళ్లకు ఈఎంఐ పెట్టుకోకండి

ముదినేపల్లి నుంచి గుడివాడకో, విజయవాడకో, హైదరాబాద్‌కో ఉద్యోగానికి బయల్దేరే పిల్లలు ఈమధ్య రెజ్యూమెతో పాటు పళ్ల సంగతి కూడా అడుగుతున్నారు. బ్యాంకు కౌంటర్, మొబైల్ షోరూమ్, ఆసుపత్రి రిసెప్షన్, రొయ్యల ఫీడ్ కంపెనీలో సేల్స్, ఇవన్నీ రోజంతా ఎదుటివాళ్ల ముఖం చూసి మాట్లాడే పనులు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని జవాబు చెప్పే అభ్యర్థికి ఇంటర్వ్యూలో మార్కులు తగ్గే మాట నిజమే. కాబట్టి పళ్ల మీద ఖర్చు దండగని నేననను. ఏ పనికి, ఎప్పుడు, ఎంత పెడుతున్నారన్నదే చూసుకోవాలి.

మనం పచ్చపళ్లు అనుకునేవాటిలో చాలావాటికి పట్టింది గార. దానికి గుట్కా, ఖైనీ, టీ మరకలు తోడవుతాయి. బల్లకు అవతల కూర్చున్నవాళ్లకు రంగు కంటే ముందు తెలిసేది నోటి వాసన. క్లీనింగ్ చేయించి, పిప్పిపళ్లకు ఫిల్లింగ్ పెట్టించి, చిగుళ్ల నుంచి రక్తం రాకుండా చూసుకుంటే సగం పని అయిపోయినట్టే. విజయవాడ ప్రభుత్వ డెంటల్ కాలేజీలోనూ, గన్నవరం దగ్గర చినఔటపల్లిలో ఉన్న సిద్ధార్థ డెంటల్ కాలేజీలోనూ అధ్యాపకుల పర్యవేక్షణలో వైద్యం చేస్తారు. ముందు అక్కడ చూపించుకోండి.

వెనీర్ల విషయంలో మాత్రం తొందర పనికిరాదు. చాలా కేసుల్లో పన్ను పైపొర, అంటే ఎనామిల్, కొంత అరగదీసి రేకు అతికిస్తారు. క్యాపు వేయాలంటే ఇంకా ఎక్కువ అరగదీయాలి. అరిగిన ఎనామిల్ మళ్లీ పెరగదు. పింగాణీ వెనీర్ సుమారు 10 నుంచి 15 ఏళ్లు వస్తుంది. ఇరవై నాలుగో ఏట పెట్టించుకుంటే రిటైరయ్యేలోగా రెండు మూడుసార్లు మార్చాలి, ప్రతిసారీ డబ్బు కట్టాలి. బ్లీచింగ్ చౌకే గానీ కొన్నాళ్లు పళ్లు జివ్వుమంటాయి. పైగా క్యాపుల రంగూ, పాత ఫిల్లింగుల రంగూ దానితో మారవు.

ఒక లెక్క వేసి చూద్దాం. పన్నుకు 15,000 చొప్పున ఎనిమిది వెనీర్లకు 1,20,000. పన్నెండు నెలల ఈఎంఐ పెడితే వడ్డీ లేకుండానే నెలకు 10,000. కొత్త ఉద్యోగంలో జీతం 22,000, అందులో ఈఎంఐతో పాటు హాస్టల్‌కు 8,000 పోతే మిగిలేది 4,000. ప్రొబేషన్‌లో ఉద్యోగం పోయినా ఈఎంఐ ఆగదు. అందం కోసం చేసే పనికి ఆరోగ్య బీమా సాధారణంగా రూపాయి ఇవ్వదు. నాన్నగారి రొయ్యల చెరువు డబ్బుతో కట్టేద్దామనీ అనుకోకండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు రొయ్య రైతులు ఎంత నలిగారో మన కళ్లతో చూశాం.

డబ్బు సంగతి అలా ఉంచితే, ప్రాణం సంగతీ చూసుకోవాలి. 2024 ఫిబ్రవరిలో హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని ఒక క్లినిక్‌లో నవ్వు అందంగా కనిపించేలా పళ్లను తీర్చిదిద్దే స్మైల్ డిజైనింగ్‌కు వెళ్లిన 28 ఏళ్ల యువకుడు చనిపోయాడు. అప్పటికే నిశ్చితార్థం అయింది. మత్తు మోతాదు ఎక్కువైందని కుటుంబం ఫిర్యాదు చేసింది, పోలీసులు కేసు పెట్టారు. కొడుకు ఇంట్లో చెప్పకుండా వెళ్లాడని తండ్రి అన్నారు. ఇలాంటివి అరుదు. అయినా ఒంటరిగా వెళ్లకండి. బీపీ, షుగర్, ఆస్తమా, వాడుతున్న మందులు, పడని మందులు, అన్నీ ముందే డాక్టర్‌కు చెప్పండి. ముహూర్తమో జాయినింగ్ తేదీయో దగ్గర పడిందని అంతా ఒకే రోజు చేయించుకోవద్దు.

పళ్ల పని చేసేది బ్యూటీ పార్లరైతే గుమ్మంలోంచే వెనక్కి రండి. రాష్ట్ర డెంటల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం మర్యాద తక్కువేమీ కాదు. ఎత్తుపళ్లకు ఆర్థోడాంటిస్ట్‌ను, క్యాపులకూ వెనీర్లకూ ప్రాస్థోడాంటిస్ట్‌ను కలవండి. ఎన్ని పళ్లు, ఏ మెటీరియల్, ఊడితే ఎవరి ఖర్చు, ఇవన్నీ ఎస్టిమేట్‌లో రాయించుకుని, ఎక్స్‌రేలూ బిల్లులూ దాచుకోండి. గొడవ వచ్చి వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే చూపించాల్సినవి అవే.

వంకరపళ్లకు క్లిప్పులంటే ఏడాదిన్నర, రెండేళ్లు పట్టవచ్చు. క్యాబిన్ క్రూ లాంటి ఉద్యోగం మీద గురి ఉంటే డిగ్రీ మొదటి ఏడాదిలోనే మొదలుపెట్టాలి. ఇంటర్వ్యూకు ఇంకా పది రోజులే ఉంటే క్లీనింగ్, అవసరమైన ఫిల్లింగ్, అంతవరకే చేయించుకోండి. మిగతాది ప్రొబేషన్ పూర్తయ్యాక, చేతిలో ఆరు నెలల ఖర్చు మిగిలాక చూసుకోవచ్చు.