హామీగా వ్రాసి ఇచ్చిన పాల బాకీ: వసూలైన సొమ్ము ఎవరిది?

గేదె కొనడానికో, దాణాకో అప్పు కావలసి వచ్చినప్పుడు పొలమో, బంగారమో తాకట్టు పెట్టాలని అందరూ అనుకుంటారు. సంఘం నుండి మనకు రావలసిన పాల డబ్బు కూడా ఒక ఆస్తే. దానిని అప్పుకు హామీగా వ్రాసి ఇవ్వవచ్చు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టంలో 130 నుండి 134 వరకు గల సెక్షన్లు ఈ విషయాన్ని చెబుతాయి. ఈ సెక్షన్లున్న అధ్యాయాన్ని 1900లో మార్చి వ్రాశారు. ఈ నిబంధనలు తెలియకపోతే సభ్యుడు తన మిగులు సొమ్మును పోగొట్టుకోవచ్చు. సంఘం ఒకే బిల్లును రెండుసార్లు చెల్లించవలసి రావచ్చు.

బదిలీ ఎట్లా జరుగుతుంది?

నోటిమాట చాలదు. బాకీ రావలసిన సభ్యుడు గానీ, అతని తరఫున అధికారం గల ఏజెంటు గానీ సంతకం చేసిన పత్రం ఉండాలి. పత్రం పూర్తి అయిన వెంటనే బాకీపై హక్కు అప్పిచ్చినవారికి సంక్రమిస్తుంది. వారు సభ్యుని అనుమతి అడగకుండా, తమ పేరుతోనే దావా వేసి వసూలు చేసుకోవచ్చు.

మరి నోటీసు ఎందుకు?

నోటీసు లేకపోయినా బదిలీ చెల్లుతుంది. కాని బదిలీలో సంఘం పాల్గొనకుండా, నోటీసు కూడా అందకుండా, మామూలుగా సభ్యునికే బిల్లు చెల్లిస్తే ఆ చెల్లింపు చెల్లుతుంది. అప్పిచ్చినవారు సంఘాన్ని మళ్ళీ అడగలేరు. నోటీసు అందిన తర్వాత సభ్యునికి చెల్లిస్తే మాత్రం సంఘానికి ఆ రక్షణ లేదు.

నోటీసు వ్రాతపూర్వకంగా ఉండాలి. దానిపై సభ్యుడు గానీ, అతని ఏజెంటు గానీ సంతకం చేయాలి. సభ్యుడు నిరాకరిస్తే అప్పిచ్చినవారు లేక వారి ఏజెంటు చేయవచ్చు. అప్పిచ్చినవారి పేరు, చిరునామా అందులో తప్పక ఉండాలి. కార్యదర్శి నోటీసు అందిన తేదీని దానిపై వేసి, సభ్యుని ఖాతాలో నమోదు చేయడం మంచిది.

దాణా అడ్వాన్సు సంగతి

బదిలీ నాటికి సభ్యుడు సంఘానికి దాణా అడ్వాన్సు బాకీ ఉంటే, సంఘం దానిని మినహాయించుకోవచ్చు. అప్పిచ్చినవారికి ఆ సంగతి ముందు తెలియకపోయినా సరే. సభ్యునికి ఎంత హక్కు ఉన్నదో, వారికీ అంతే హక్కు వస్తుంది.

సొమ్ము పంచే వరుస

అసలు కీలకం 134వ సెక్షన్. వసూలైన సొమ్ములో మొదట వసూలు ఖర్చులు, తర్వాత అప్పు మొత్తం తీసుకోవాలి. మిగిలినది సభ్యునిదే.

ఉదాహరణకు, పాల బాకీ రూ. 12,000, దాణా అడ్వాన్సు రూ. 1,500 అనుకుందాం. సంఘం చెల్లించవలసినది రూ. 10,500. వసూలు ఖర్చు రూ. 300, వడ్డీతో కలిపి అప్పు రూ. 8,000 అయితే, మిగిలిన రూ. 2,200 సభ్యునికి తిరిగి ఇవ్వాలి. అప్పు రూ. 13,000 అయితే, ఖర్చు పోగా రూ. 10,200 మాత్రమే జమ అవుతుంది. ఇంకా రూ. 2,800 సభ్యుడు బాకీ ఉంటాడు. బిల్లు అంతా ఇచ్చేశాను కదా, అప్పు తీరిందని అనుకోరాదు.

నోటీసు అందక సంఘం డబ్బును సభ్యుని చేతికే ఇచ్చినా ఈ వరుసే వర్తిస్తుంది. చేతికి వచ్చింది కదా అని ఖర్చు చేసుకోవడానికి వీల్లేదు.

సభ్యులు గుర్తుంచుకోవలసినవి

1. బాకీని హామీగా ఇవ్వడం వేరు, అమ్మివేయడం వేరు. పత్రంలో "అప్పుకు హామీగా" అని, అప్పు మొత్తంతో సహా స్పష్టంగా వ్రాయించండి.
2. ఖాళీ కాగితంపై సంతకం పెట్టవద్దు. పత్రం నకలు మీ దగ్గర ఉంచుకోండి.
3. వసూలు అయ్యాక ఖర్చులు, వడ్డీ, అసలు విడివిడిగా చూపిన లెక్క అడగండి.
4. అప్పు తీరిన వెంటనే ఆ సంగతి వ్రాతపూర్వకంగా సంఘానికి తెలియజేయించండి. ఆ తర్వాతి బిల్లు మీ చేతికే రావాలి.